గాసి గోడ మీదికి వచ్చిన రైలు

గాలికొండకు ఇవతల, అరకు లోయలోకి దిగే బండిదారి పక్కన, కరకగుడ అని పన్నెండు గడపల ఊరు. తాతల నాడు సవర సీమ నుంచి వచ్చి అక్కడ పొయ్యి పెట్టుకున్నవాళ్ళు. ఆ ఊరి గాసికి యాభై ఏళ్ళు నిండేసరికి అరవై ఒక్క ఇళ్ళ గోడల మీద బొమ్మ రాసిన పేరుంది. ఇది గొప్పకు చెప్పే మాట కాదు. ఏ ఊళ్ళో ఎన్నో అడిగితే వేళ్ళు మడిచి చెప్పేవాళ్ళు ఉన్నారు. పెదబయలు వైపు పధ్నాలుగు. అనంతగిరి దిగువన తొమ్మిది. జ్వరంతో పోయినవాళ్ళకు రాశాడు, పులి నోట పడినవాళ్ళకు రాశాడు. పురుట్లో పోయిన తల్లికీ బిడ్డకూ కలిపి ఒకే గోడ మీద రాశాడు. ఆ బిడ్డకు ఇంకా పేరు పెట్టలేదు గనక, ముఖం ఎవరూ సరిగా చూడలేదు గనక, తల్లి నడుము దగ్గర ఒక్క చుక్క పెట్టి ఊరుకున్నాడు. ఆరు నెలలుగా రాయిలా తిరుగుతున్న తండ్రి ఆ చుక్కను చూసి మొదటిసారి ఏడ్చాడట. అలాంటి చెయ్యి గాసిది.

సవర ఇంట్లో గోడబొమ్మ అందానికి రాసేది కాదు. చచ్చిపోయిన మనిషికి అది ఇల్లు. ఎర్రమట్టితో అలికి ఆరబెట్టిన గోడ మీద, బియ్యప్పిండి నీళ్ళలో కలిపి, కొస నమిలిన వెదురుపుల్లతో నాలుగు వైపులా గీత కడతారు. గీత లోపల ఆ మనిషి బతికుండగా వాడినవీ ఇష్టపడినవీ అన్నీ ఉండాలి. గొడ్డలి ఉండాలి, దువ్వెన ఉండాలి, కల్లు గీసే జీలుగు చెట్టు ఉండాలి, కోడి ఉండాలి, సూర్యుడూ చంద్రుడూ ఉండాలి. ఒక్కటి తక్కువైనా ఆ మనిషి లోపలికి రాడు. దారుల వెంట తిరుగుతూ ఇంట్లోవాళ్ళను పట్టుకుంటాడు. గీతకు ఎక్కడా సందు ఉండకూడదు. అంతా అయ్యాక గోడ ముందు అన్నమూ కల్లూ పెట్టి, రాసినవాడు ‘వచ్చాడా?’ అని అడుగుతాడు. పోయినవాడికి అందరికన్నా దగ్గరి మనిషి గోడకు అరచెయ్యి ఆనించి ‘వచ్చాడు’ అనాలి. అప్పుడుగాని అది బొమ్మ అవదు.

గాసి గొప్పతనం పుల్ల పట్టుకోవడంలో కంటే ముందు అడగడంలో ఉంది. ఇతరులు ఒక పూట అడిగి రెండు పూటలు రాస్తారు. గాసి మూడు రోజులు అడుగుతాడు. పోయినవాడు గడప దాటేటప్పుడు ఏ కాలు ముందు వేసేవాడు, వాన వస్తే లోపలికి వచ్చేవాడా, చూరు కింద నిలబడేవాడా, కోపం వస్తే తినేవాడా మానేవాడా, కుక్కను ఏమని పిలిచేవాడు. ఊరిపెద్ద మంగ్లు వెక్కిరించేవాడు: ఈ గాసిని పోలీసుల్లో చేర్చుకుంటే మన్నెంలో దొంగతనమనేది ఉండదని. గాసికి అదేమీ పట్టేది కాదు. మనుషుల్ని అడిగి తెలుసుకోవడంలో ఆయనకు ఆకలి కూడా గుర్తుండేది కాదు.

అరవై ఒక్క ఇళ్ళలోనూ ‘వచ్చాడు’ అనే మాటే విన్నాడు. అరవై రెండో ఇల్లు గంగది.

గంగ మొగుడు బుధు మూడేళ్ళ కింద, అంటే పంతొమ్మిది వందల ఇరవై మూడులో, అస్సాం తేయాకు తోటలకు కూలికి వెళ్ళాడు. పట్నం నుంచి వచ్చిన మేస్త్రీ మాట విని ఈ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పదిమంది దాకా వెళ్ళారు. ఇరవై ఆరులో, వేట పండగకు నెల ముందు, మిషను బడి మాస్టారు మార్కు చేతికి ఒక ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషులో మూడు వరసలు. బుధు జ్వరంతో పోయాడు, అక్కడే పూడ్చేశారు. అంతే.

మార్కు మాస్టారు కింది దేశపు క్రైస్తవుడు, మెత్తని మనిషి. ఆ మూడు వరసల్నీ గంగ గుమ్మం ముందు నిలబడి మూడుసార్లు చదివాడు, మూడోసారి ఇంకేమైనా బయటపడుతుందేమో అన్నట్టు. గంగ ఏడవలేదు. మర్నాటి నుంచి తెల్లవారగానే చోడి అంబలి కాచి, బుధు వాటా డొప్పలో పోసి పక్కన పెట్టి, బండిదారి దగ్గరికి పోయి కూర్చునేది. పొద్దు నడినెత్తికి వచ్చాక తిరిగొచ్చేది. నాలుగో రోజు నుంచి మాట మానేసింది. ఆ తర్వాత తిండి మానేసింది. అత్త అచ్చియమ్మ బలవంతాన నోట్లో పోస్తే గుటక వేసేది, లేకపోతే లేదు. పది రోజులకు చేతి గాజులు మోచేతి దాకా జారిపోసాగాయి.

అచ్చియమ్మ గాసి ఇంటికి వచ్చి, కొడుకు ఇల్లు లేక దారిలో నిలబడ్డాడనీ, ఆ నిలబడ్డవాడే పెళ్ళాన్ని దారి దగ్గరికి లాక్కుపోతున్నాడనీ చెప్పింది. బేగి గోడ రాయమంది. రాయకపోతే వానలకు ముందే ఇంకో గోడ రాయవలసి వస్తుందంది.

గాసి వెళ్ళి కూర్చున్నాడు. గంగ మాట్లాడదు గనక అచ్చియమ్మనే అడిగాడు. ఆమె ఓపిక పట్టి పట్టి చివరికి విసుక్కుంది.

“ఏటి తమ్మీ, నా కొడుకు ఏ సేత్తో ముక్కు సీదేవోడో కూడా కావాలేటి నీకు?”

“కావాలప్పా. ఏ సేత్తో?”

ఆమె నవ్వలేక నవ్వి, ఎడం చేత్తోనని చెప్పింది. ఆ ఇంట్లో పదిహేను రోజుల తర్వాత వినిపించిన నవ్వు అది.

మూడు రోజులు అడిగి రెండు రోజులు రాశాడు. చూసినవాళ్ళంతా గాసి రాసిన వాటిలో ఇదే మేలైనదన్నారు. గొడ్డలి ఎడం భుజాన పెట్టుకుని జీలుగు చెట్టు కింద నిలబడ్డ బుధు. పక్కన ఒంటికన్ను కుక్క. చూరు కింద వాన. అన్నమూ కల్లూ పెట్టారు. గాసి ‘వచ్చాడా?’ అని అడిగాడు. గంగ గోడ దగ్గరికి వచ్చింది, చెయ్యి ఎత్తింది, గోడకు ఆనించకుండానే దించేసింది. అన్ని రోజుల తర్వాత నోరు తెరిచింది.

“ఈడు ఇక్కడున్నప్పటి మనిసి. మూడేళ్ళు ఆడెక్కడ తొంగున్నాడో, ఏటి సూసినాడో, అదేది తాతా?”

అని వెనక్కి తిరిగి బండిదారి వైపు వెళ్ళిపోయింది.

గాసికి తల కొట్టేసినట్టయింది. నిజానికి ఆయనకు తెలియక చేసిన తప్పు కాదది. గోడబొమ్మలో ఊరు, అడవి, సంత, ఇంతే లోకం. మన మనుషులు ఆ లోకంలోనే పుట్టి ఆ లోకంలోనే పోయేవాళ్ళు గనక అడగవలసినవన్నీ ఇంట్లోనే దొరికేవి. అస్సాం గురించి ఇంట్లో ఎవరిని అడగాలి? అడగడానికి ఎవరూ లేరు గనక, అడగవలసింది ఉందనే సంగతే ఆయనకు తట్టలేదు. ఇంత చెయ్యి తిరిగినవాడికి ఒక మనిషి బతుకులో మూడేళ్ళు కనబడకుండా పోయాయి.

తిన్నగా మార్కు మాస్టారి దగ్గరికి వెళ్ళాడు. ఉత్తరం మళ్ళీ చదివించుకున్నాడు. తోట ఎలా ఉంటుంది, అక్కడికి ఎలా వెళ్తారు అని అడిగాడు. మాస్టారు ఒక బొమ్మల పుస్తకం తీసి రైలుబండి చూపించాడు. గాసి పుస్తకాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, ఇది ఎవరో చూసి రాసింది కదా, నేను చూసింది కాదు కదా అన్నాడు. ఆ మాట మాస్టారుకు నచ్చింది. చాలాకాలంగా మనసులో ఉన్న సందేహం అప్పుడు బయటపెట్టాడు. బొమ్మ రాయడం వల్ల చచ్చిపోయినవాడు నిజంగా వచ్చి గోడలో కూర్చుంటాడా, లేక నువ్వు అన్ని రోజులు అడిగి అడిగి ఇంట్లోవాళ్ళ గుండెలో ఉన్నదంతా బయటికి తీయడం వల్ల వాళ్ళకు తేలికవుతుందా అని.

గాసిని ఎవరూ ఎప్పుడూ ఆ సంగతి అడగలేదు.

“రెండూ ఏరే ఏరేనా మాస్టారూ?” అన్నాడు. “ఆడు రాకపోతే ఆళ్ళకి తేలికెలాగవుద్ది? ఆళ్ళు సెప్పకపోతే ఆడెలాగొత్తాడు?”

మాస్టారు ఒక పెన్సిలూ నాలుగు కాగితాలూ ఇచ్చి, రైలు చూస్తే దీని మీద గీసుకుని తెమ్మన్నాడు. మర్నాడే గాసి చింతపండు మోసుకుపోయేవాళ్ళ వెంట కొండ దిగి, శృంగవరపుకోట మీదుగా మూడు రోజులు నడిచి విజయనగరం చేరాడు. యాభై ఏళ్ళలో అంత దూరం వెళ్ళడం అదే మొదలు.

స్టేషను దగ్గర పట్టాలు మార్చే పనివాడు వరహాలరావు ఆయనకు దొరికాడు. దొరికాడనడం కంటే గాసి ప్రశ్నలకు చిక్కాడనాలి. మొదటి రైలు వచ్చినప్పుడు అందరూ వెనక్కి తగ్గితే గాసి ముందుకు వెళ్ళి వంగి చక్రాలు లెక్కపెడుతున్నాడు. వరహాలరావు రెక్క పట్టుకుని లాగి నాలుగు తిట్టాడు. తిట్టడం అయ్యాక గాసి, పొగ మొదట నల్లగా వచ్చి తర్వాత తెల్లగా ఎందుకు వస్తోందని అడిగాడు. వరహాలరావు పదేళ్ళుగా అక్కడ పని చేస్తున్నాడు. ఆ మాట అడిగినవాడు లేడు. ఆ పూట నుంచి తన బల్ల మీద చోటిచ్చాడు.

గాసి అక్కడ మూడు రోజులు ఉండి పదకొండు బళ్ళు చూశాడు. ఇంజనుకు ఎన్ని చక్రాలో, పెట్టెకు ఎన్ని కిటికీలో, ఏ పెట్టె ముందు ఏది వెనకో ఒక్కటీ తప్పిపోకుండా పట్టాడు. పెన్సిలు మాత్రం మొదటి రోజే పక్కన పెట్టేశాడు. కాగితం వైపు చూస్తుంటే బండి వెళ్ళిపోతోంది, బండి వైపు చూస్తుంటే కాగితం ఎందుకో తెలియడం లేదు. పైగా ఆ కాగితానికి గోడ లేదు, ఇల్లు లేదు. దాని మీద రాస్తే పోయినవాడు ఎక్కడుంటాడు?

మూడో రోజు అస్సాం కూలీల గురించి అడిగాడు. వరహాలరావు వాళ్ళను చాలాసార్లు చూశాడు. ఒక్కొక్కరి మెడలో రేకుబిళ్ళ, దాని మీద అంకె ఉంటుందట. పెట్టెలో కింద కూర్చోబెడతారట.

“కానీ బండి కదిల్తే కూకోరు తాతా. అందరూ ఎడం పక్క కిటికీల కాడికొచ్చేత్తారు. కొండలు అటేపు కదా. కొండలు కనపడినంతసేపూ అలాగే సూత్తారు. అరవరు, ఏడవరు. సూత్తారంతే.”

వరహాలరావు జాలిపడి గాసిని తేనీరు కొట్టు దగ్గరికి తీసుకెళ్ళి ఇత్తడి గ్లాసులో తేనీరు ఇప్పించాడు. ఇదేనా ఆ తోటల్లో పండేది అని గాసి అడిగి, తాగేసి, అడుగున నానిన ఆకు ఒకటి వేలితో తీశాడు. మోకాలి మీద పెట్టి గోటితో మెల్లగా విప్పాడు. ముడుచుకున్న నల్లటి నలుసు విప్పుకుని ఆకైంది. అంచున రంపపు పళ్ళు, నడుమ ఈనె, ఈనె నుంచి పక్కలకు సన్నని ఈనెలు. ఆకు తెలిస్తే కొమ్మ తెలుస్తుంది, కొమ్మ తెలిస్తే పొద తెలుస్తుంది. అడవిలో పుట్టినవాడికి అది చాలు. కొట్టువాణ్ణి బతిమాలి అలాంటివి ఇంకో ఏడు తీయించుకుని, ఏడింటినీ విప్పి చూసి, ఏ రెండూ ఒకేలా లేవని తేల్చుకున్నాక గాని లేవలేదు.

తిరిగి వచ్చేసరికి గంగ బండిదారి దగ్గరికి పోవడం మానేసింది. మంచి జరిగి కాదు. నడిచే ఓపిక లేక. గోడకు ఎదురుగా చాప మీద పడుకుని ఉంది. గాసి చేతులు కడుక్కుని పిండి కలిపాడు. పాత బొమ్మను చెరపలేదు. దాని కుడి పక్కన, గీతకు అవతల తేయాకు పొదలు రాశాడు, ఆకు ఆకుకూ పళ్ళతో. పొదలకూ ఊరికీ మధ్య రైలు రాయబోతే చోటు చాలలేదు. కుదించి రాస్తే పెట్టెలు తగ్గుతాయి. తగ్గించి రాయడం ఆయన చేతకాదు. తడిగుడ్డ తీసుకుని కుడివైపు గీతను బెత్తెడు మేర తుడిచేసి, ఆ సందులోంచి రైలును రానిచ్చాడు. సగం బండి లోపల, సగం బయట. కిటికీ కిటికీకీ తలకాయలు, అన్నీ ఒకే వైపు తిరిగి. ముఖాలకు కళ్ళు పెట్టలేదు.

సంగతి తెలిసి మంగ్లు వచ్చాడు. గీతకు సందు పెట్టడం తాతల నాటి నుంచి లేదనీ, అలాంటి ఇంట్లోకి ఎవరు పడితే వాళ్ళు దూరతారనీ, గాసికి కిందదేశం గాలి సోకిందనీ గట్టిగానే అన్నాడు. గాసి వాదించలేదు. బండి ఇమడలేదన్నాడు.

వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటుండగానే గంగ చాప మీద లేచి కూర్చుంది. చాలాసేపు గోడను చూసింది.

“ఇందులో ఆడెవడు తాతా?”

“నాకు తెల్దమ్మీ. అందరూ కొండల పక్కే సూత్తారంట. అది తెలిసింది. ఆడిది ఏ కిటికీయో తెల్లేదు.”

అరవై ఒక్క ఇళ్ళలో ‘నాకు తెలీదు’ అన్నవాడు కాడు గాసి.

గంగ గోడ పట్టుకుని లేచింది. ఒక్కో కిటికీ దగ్గరా ఆగింది. ఇక్కడ ఉండడని ఒకటి దాటింది, ఇక్కడా ఉండడని ఇంకొకటి. చిట్టచివరి పెట్టెలో చిట్టచివరి కిటికీ దగ్గర వేలు పెట్టింది.

“సంతకి బండెక్కినా ఆడు సివరే కూకుంటాడు. బేగి దిగిపోవచ్చని.”

అప్పుడు ఏడుపు వచ్చింది. ఆ ఏడుపులోనే మాటలు. బుధుకు ఎత్తు ఎక్కితే కళ్ళు తిరుగుతాయని, కొత్త చోట మొదటి రోజు నిద్ర పట్టదని, ఉప్పు తక్కువైతే ఏమీ అనకుండా డొప్ప పక్కకు జరుపుతాడని, అక్కడ ఎవరి ముందు జరిపాడో అని. గాసి ఒక్కటి కూడా అడగలేదు. ఆమె చెప్పినచోటల్లా పుల్ల కదిలింది. పొదల నడుమ నిద్రపట్టక కూర్చున్న మనిషి వచ్చాడు. పక్కకు జరిపిన డొప్ప వచ్చింది. చివరి కిటికీలోని ముఖానికి కళ్ళు వచ్చాయి.

పొద్దు నడినెత్తికి వచ్చింది. అచ్చియమ్మ గోడ ముందు అంబలీ కల్లూ పెట్టింది. గాసి పుల్ల కింద పెట్టి అడిగాడు.

“వచ్చాడా?”

గంగ అరచెయ్యి గోడకు ఆనించింది.

“వస్తన్నాడు,” అంది. “ఆ గీత ముయ్యకు.”

ఇలాంటి జవాబు ఆచారంలో లేదు. వచ్చాడు అనాలి, లేదా రాలేదు అనాలి. గాసి మంగ్లు వైపు చూశాడు. మంగ్లు సందు వైపు చూశాడు, రైలు వైపు చూశాడు, మెల్లగా వంగి చివరి కిటికీలో ఉన్నవాణ్ణి చూశాడు. తీర్పు ఇచ్చింది అచ్చియమ్మ. గోడ ముందు పెట్టిన డొప్ప తీసి కోడలి చేతికిచ్చింది. గంగ నిలబడే తాగింది. రెండోది అడిగి తీసుకుంది. మూడోది అడగబోతే అచ్చియమ్మ, ఇన్నాళ్ళ ఖాళీ కడుపు, నెమ్మదిగా అని ఆపింది.

వానలు పడేలోపు ఆ గోడ సంగతి లోయ అంతా పాకింది. మార్కు మాస్టారు మూడుసార్లు వచ్చి చూసి, ఇది ఒక్క కాగితం మీద దించి ఇస్తే పట్నంలో పెద్దవాళ్ళకు చూపిస్తానన్నాడు. గాసి ఆయన పెన్సిలును భద్రంగా తిరిగి ఇచ్చేసి, పెద్దవాళ్ళనే ఇక్కడికి రమ్మన్నాడు.

వాళ్ళు రాలేదుగాని ఒకనాడు పక్క ఊరి నుంచి ముగ్గురు ఆడవాళ్ళు గంగ గుమ్మం ముందుకు వచ్చారు. వాళ్ళ మగవాళ్ళూ అస్సాం వెళ్ళినవాళ్ళే. పోయారని ఉత్తరం రాలేదు, ఉన్నారనీ రాలేదు. తమ ఇళ్ళల్లోనూ అలాంటి బండి రాయమని అక్కడే ఉన్న గాసిని అడిగారు. బతికున్నవాడికి గోడ రాయకూడదు. రాస్తే చావును పిలిచినట్టు. ఆ మాట చెప్పి గాసి తల దించుకున్నాడు. వాళ్ళు వెళ్ళలేదు, కూర్చోనూ లేదు. గంగ లోపలి నుంచి వచ్చింది. గాజులు ఇంకా వదులుగానే ఉన్నాయి గాని, జారడం లేదు. ముగ్గురినీ గోడ దగ్గరికి తీసుకెళ్ళి, తలా ఒక డొప్ప అంబలి చేతికిచ్చి, తనదీ తీసుకుని, అందరిలోకీ చిన్నదాన్ని అడిగింది.

“మీ ఆయన కిటికీ కాడ కూకుంటాడేటి, లోపలేటి?”

ఆ పిల్ల తెలియదంది. కాసేపు గోడ వైపు చూసింది. అంబలి ఒక గుక్క తాగింది.

“ఆడికి గాలి పడదు,” అంది. “లోపలే ఉంటాడు. పక్కోణ్ణి అడుగుతుంటాడు, కొండలు ఇంకా కనపడతన్నాయా అని.”